పెట్టెకు పెట్టిన గంధం

2008 విజయదశమి నాడు ఉదయం పది దాటాక, విరుదునగర్‌లోని ఒక ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్‌లో, కిటికీ వరుస చివరి డెస్కు దగ్గర, కార్తీశ్వరి కుడి చెవి పోయింది. ఆమెకు ఇరవై మూడేళ్లు. చెవి పోయిన సంగతిని ఎవరూ కాదనలేదు. ఎందువల్ల పోయిందన్న దగ్గర గొడవ మొదలైంది.

సెంటర్ ఒక పప్పుల గోదాముకు పైన ఉండేది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక రికార్డర్‌లో చెప్పే మాటలు అక్కడి కంప్యూటర్లకు వచ్చేవి. అమ్మాయిలు విని టైపు చేసేవాళ్లు. కాలి కింద పెడల్ ఉండేది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఓనర్ పేరు సతీష్‌కుమార్. ఎట్టయాపురం దగ్గర నల్లరేగడి భూములున్న అప్పాసామి కొడుకు.

సతీష్‌కుమార్ కంప్యూటర్లను మదురైలో పాతవి చూసి కొన్నాడు. హెడ్‌ఫోన్‌ను వాటికే తగిలిస్తే లోపల గుయ్యిమని మోత వచ్చేది, డాక్టర్ మాట దాని అడుగున పడేది. అందుకని ప్రతి కంప్యూటర్‌కూ ఒక యూఎస్‌బీ పెట్టె తెప్పించాడు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంత ఉంటుందో అంత. దాని తీగ ఒకటి కంప్యూటర్‌లోకి పోతుంది. హెడ్‌ఫోన్ పెట్టెకు తగులుతుంది. శబ్దం పెంచడానికి, తగ్గించడానికి ముందువైపు గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. పెట్టెలు వచ్చాక మోత పోయింది, మాట వినబడింది.

వాటిని అమర్చినవాడు సెందిల్‌కుమార్. సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునేది అతనే. శబ్దాన్ని రెండు చోట్ల పెంచవచ్చు. ఒకటి కంప్యూటర్ తెర మీద, రెండోది పెట్టె బిళ్ల దగ్గర. తెర మీది శబ్దాన్ని అతను ప్రతి కంప్యూటర్‌లోనూ కిందికి దించి ఉంచాడు. ఆ తరువాత బిళ్లను చివరిదాకా తిప్పినా చెవికి ఏమీ కాదు. గొణిగే డాక్టర్ల ఫైళ్లు వచ్చినప్పుడు అమ్మాయిలు బిళ్లను చివరిదాకా తిప్పేవాళ్లు. చాలామంది దాన్ని అక్కడే వదిలేసేవాళ్లు. ఏడాదిపాటు ఇలాగే నడిచింది.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఆ ఊళ్లలో ఎవరూ పనిముట్టును పనికి వాడరు. బస్సును, తక్కెడను, లేత్ మిషన్‌ను కడిగి బొట్టు పెడతారు. సెంటర్‌లో కీబోర్డులు తుడిచారు. తెరలకు మూడు వేళ్లతో గంధం పూశారు. యూఎస్‌బీ పెట్టెలను కంప్యూటర్ల నుంచి పీకి, స్టీలు తాంబాళంలో పేర్చి, సరస్వతి పటం ముందు పెట్టారు. గంధం కలిపింది సతీష్‌కుమార్ భార్య ఉషా. టైపు చేసిన ఫైళ్లలో తప్పులు చూసే పని ఆమెది. పొడి గంధాన్ని పన్నీరులో ముద్దగా కలిపింది. నల్ల పెట్టె మీద బొట్టు ఎక్కడ పెట్టాలని ఒక అమ్మాయి అడిగితే, "మొహం ఎక్కడుందో అక్కడే" అని ముందున్న బిళ్ల మీద పెట్టి చూపించింది. అన్నిటికీ అక్కడే పెట్టారు. తెల్లవారేసరికి గంధం ఎండింది. కొన్నిటికి బిళ్ల చుట్టూ ఉన్న సందులోకి దిగి ఎండింది.

మరునాడు విజయదశమి. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు మంచి వేళలో తీసి కాస్తయినా పని చేయాలి. ఆ వేళను అక్కడ నల్లనేరం అంటారు. సెందిల్‌కుమార్ లేడు. అక్క కొడుకుకు అక్షరాలు దిద్దిస్తున్నారని కళుగుమలై పోయాడు. సతీష్‌కుమార్, ఉషా కలిసి పెట్టెలను తగిలించారు. ఏ పెట్టె ఏ కంప్యూటర్‌దో చూడలేదు. ఏ రంధ్రంలో ఉండేదో చూడలేదు. వేరే రంధ్రంలో పెడితే ఆ కంప్యూటర్ దాన్ని కొత్త పెట్టె అనుకుంటుంది. సెందిల్‌కుమార్ దించి ఉంచిన శబ్దం దానికి వర్తించదు. తెర మీది శబ్దం పైదాకా పోతుంది.

కార్తీశ్వరి తెర మీద కొత్త పరికరం దొరికిందన్న మాట వచ్చింది. ఆమె సతీష్‌కుమార్‌ను పిలిచింది.

సెంటర్‌లో అందరి మాటా తమిళమే. సతీష్‌కుమార్ ఇంట్లో తెలుగు. కార్తీశ్వరి ఇంట్లోనూ తెలుగు. ఆమె అమ్మమ్మ అప్పాసామి చేలో కలుపు తీసింది. పనిలో చేరిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు తెలుగు మాట్లాడలేదు.

"సార్, కొత్త డివైస్ అంటోంది. సెందిల్ అన్న వచ్చి చూశాక మొదలుపెడతాను" అని ఆమె తమిళంలో చెప్పింది.

సతీష్‌కుమార్ గోడ గడియారం చూశాడు. ఈసారి తెలుగులో అన్నాడు.

"ఏమే, నేరం దాటిపోతా ఉండాది. సెందిల్ వచ్చి నీకు హారతి ఇయ్యాల్నా? తొక్కు."

సెంటర్‌లో అమ్మాయిలు హెడ్‌ఫోన్‌ను ఒక చెవికే పెట్టుకునేవాళ్లు. ఉషా పిలిస్తే వినబడాలని రెండో చెవిని వదిలేసేవాళ్లు. కార్తీశ్వరి కుడి చెవికి పెట్టుకుంది. పెడల్ తొక్కింది. ఆ ఫైలు డాక్టర్ రికార్డర్‌ను బల్ల మీద పడేసిన చప్పుడుతో మొదలవుతుంది.

ఆమె కేక వేసింది. చెయ్యి బిళ్ల మీదికి పోయింది. బిళ్ల తిరగలేదు. భయంతో కాలు పెడల్ మీద ఇంకా బిగిసింది. డాక్టర్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె హెడ్‌ఫోన్‌ను లాగి పడేసింది. ఆ కేకకు మిగతా అమ్మాయిలు తమ హెడ్‌ఫోన్లు తీసేశారు. వాళ్లలో ఇంకెవరి చెవికీ ఏమీ కాలేదు.

ఉషా మంచినీళ్లు ఇచ్చింది. చెవిలో కూత వస్తోందని కార్తీశ్వరి చెప్పింది. సాయంత్రానికి పోతుందని సతీష్‌కుమార్ అన్నాడు. ఫైలు ఆ రోజే పంపాలని, ఇంకో డెస్కు దగ్గర కూర్చుని ఎడమ చెవితో ముగించమని చెప్పాడు. ఆమె ముగించింది. ఆ ఫైల్లో తప్పులు లేవని ఉషా సంతకం చేసింది.

సాయంత్రం బస్సులో కోవిల్‌పట్టి చేరింది. ఇంట్లో తల్లి పాండియమ్మాళ్ కుడివైపు నుంచి పిలిచింది. కార్తీశ్వరి తిరగలేదు. తల్లి ఇంకోసారి పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుని తిప్పింది.

విరుదునగర్ ఆస్పత్రిలో చెవి డాక్టర్ పరీక్ష చేశాడు. లోపలి నరం దెబ్బతిన్నదని, ఆ చెవి ఇక రాదని చెప్పాడు. ఎలా దెబ్బతిన్నదో పరీక్షలో కనబడదని కూడా చెప్పాడు.

సెందిల్‌కుమార్ పండగ తరువాత పనికి వచ్చి కిటికీ డెస్కు చూశాడు. తెర మీద శబ్దం పైదాకా ఉంది. బిళ్ల చివరిదాకా తిరిగి ఉంది. గంధం పట్టేసి కదలడం లేదు. వెళ్లి సతీష్‌కుమార్‌కు చెప్పాడు. "అమ్మినవాడికి పంపి వేరేది అడుగుతాను. దాన్ని ఎవరూ ముట్టొద్దు" అని సతీష్‌కుమార్ అన్నాడు. సెందిల్‌కుమార్ మిగతా కంప్యూటర్లను సరిచేసి, బిళ్లల గంధం గీకేశాడు. కిటికీ డెస్కును వదిలేశాడు. ఈ సంగతి అప్పట్లో ఇంకెవరికీ చెప్పలేదు. ఆ పెట్టె ఎక్కడికీ పోలేదు. ఆ డెస్కు దగ్గర ఏ అమ్మాయీ కూర్చోలేదు.

మరుసటి వారం కార్తీశ్వరిని రావద్దన్నారు. చెవితో చేసే పనిని చెవి లేని పిల్లకు ఎలా ఇస్తానని సతీష్‌కుమార్ అడిగాడు. ఆమె ఆ మాటకు జవాబు చెప్పింది. అక్కడ అందరూ ఒక చెవితోనే పని చేస్తారని, పండగ నాటి ఫైలును తను ఎడమ చెవితోనే ముగించానని చెప్పింది. సతీష్‌కుమార్ ఫోను మోగుతోందని లోపలికి పోయాడు.

మదురైలో ఇంకో సెంటర్ ఉంది. కార్తీశ్వరి అక్కడికి వెళ్లింది. టైపింగ్ పరీక్ష పెట్టారు. ఎడమ చెవితో విని రాసింది. నెగ్గింది. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆదివారం ఫోను చేసి వద్దన్నారు. ఎందుకని ఆమె అడిగింది. పాత చోట కనుక్కున్నామని చెప్పారు. ఈ పిల్ల చెవుడుతోనే వచ్చి చేరిందని, ఆ సంగతి దాచిందని, బస్సులో పోతూ వస్తూ సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టుకుని ఉన్నది కూడా పోగొట్టుకుందని, ఇప్పుడు పెట్టె మీద నెపం వేస్తోందని సతీష్‌కుమార్ వాళ్లకు చెప్పాడు. వాళ్లు ఆ మాటలను ఆమెకు వరసగా అప్పజెప్పారు.

అలాంటి సెంటర్లు ఆ జిల్లాల్లో కొన్నే ఉన్నాయి. ఒకరినొకరు కనుక్కోకుండా ఎవరినీ తీసుకోరు. చేరేనాటికి ఆమె చెవులు మంచివేనని, పోయింది పెట్టె వల్లేనని సతీష్‌కుమార్ ఒక్క మాట చెబితే ఆమెకు పని దొరుకుతుంది. చెప్పకపోతే దొరకదు.

పాండియమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే పని చేస్తుంది. ఆదివారం ఇంట్లోనే ఉంది. కూతురు ఫోను పెట్టేసేదాకా చూసింది.

"ఏమంటా ఉండాడు వాడు?"

"పుట్టుసెవుడంట నేను."

"పుట్టుసెవుడా? నువ్వు కడుపులో ఉండంగా మీ నాయన్ను నేను తిట్టిన తిట్లన్నీ ఇనేసి బయటికి వచ్చిన దానివి. నడువు."

"యాడికి?"

"వాని అబ్బ దగ్గరికి."

కార్తీశ్వరి పోలీస్ స్టేషన్ మాట ఎత్తింది. పాండియమ్మాళ్ చీర మార్చుకుంటూ, స్టేషన్‌లో సతీష్‌కుమార్‌కు కుర్చీ వేస్తారని, తమను గోడ పక్కన నిలబెడతారని చెప్పింది. కొడుకు మీద ఫిర్యాదు ఉంటే ముందు తండ్రికి చెప్పడం ఆ పల్లెల్లో వాడుక. తండ్రికి చెప్పకుండా బయటికి పోతే, తరువాత ఎవరూ ఆ మాటను పట్టించుకోరు.

అప్పాసామికి డెబ్బై దాటింది. పంచలో కూర్చుని మిరపకాయలకు బేరం ఆడుతున్నాడు. బేరగాణ్ణి పంపేసి, మెట్ల కింద నిలబడిన తల్లీకూతుళ్లను చూశాడు.

"ఏంది పాండీ, ఇంత దూరం?"

"నీ కొడుకు సేసిన పని నీకు సెప్పేదానికి వచ్చినా సామీ. నా బిడ్డ సెవి పోగొట్టినాడు. పోగొట్టింది కాకుండా, అది పుట్టుసెవుడని ఊరూరా సెప్తా ఉండాడు."

"సెవి ఏమన్నా ఉంగరమా పోగొట్టేదానికి?" అని అప్పాసామి నవ్వాడు.

"ఉంగరమైతే ఇంకొకటి సేపించుకుంటాము సామీ. నిన్ను అడగను."

అప్పాసామి నవ్వడం ఆపాడు. ఆ పెట్టెను తాను చూశానని చెప్పాడు. కొడుకు సెంటర్ తెరిచినప్పుడు చేతిలో పెట్టి చూపించాడు.

"నా ముక్కుపొడి డబ్బీ అంత ఉండాది అది. దాంట్లో నుంచి సెవి పోయేంత సత్తం వస్తాదా? ఏం, లోపల శివకాశి పటాసు పెట్టినారా?"

"నాకేం తెల్సు సామీ? నేను సదివిన దాన్నా? నువ్వే పెట్టుకుని సూడు."

"పెట్టుకుంటా." అప్పాసామి లేచి నిలబడ్డాడు. "నీ ముందరే, ఆడ పని సేసే ఆ ఆడబిడ్డలందరి ముందర, నా సెవులకు పెట్టుకుంటా. ఏమీ కాలేదంటే నువ్వూ నీ బిడ్డా ఈ మాట మళ్లా ఎత్తరాదు."

"అయితే?"

"ఏంది, అయితే?"

"నీ సెవి పోతే?"

"పోతే నా కొడుకు అందరి ముందర సెప్తాడు. పెట్టెవల్లే అని. నేను సెప్పిస్తా."

బుధవారం విరుదునగర్ రమ్మని చెప్పాడు.

బుధవారం బస్సులో కార్తీశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. తల్లి ఆమెకు ఎడమ పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆయన సెవి నిజంగా పోతాది."

"పోనీ."

"ముసలాయనమ్మా. ఆయనేం సేసినాడు?"

"నీకు ఇరవై మూడే. నువ్వేం సేస్తివి?"

కార్తీశ్వరి కిటికీ వైపు తిరిగింది. పాండియమ్మాళ్ ఇంకో మాట అంది. బస్సు మోతలో కూతురికి అది వినబడలేదు. తల్లి ఆ మాటను మళ్లీ అనలేదు.

వాళ్లు గోదాము దగ్గరికి వచ్చేసరికి అప్పాసామి మెట్లు ఎక్కుతున్నాడు. పైన అమ్మాయిలందరూ పనిలో ఉన్నారు. సతీష్‌కుమార్ అద్దాల గదిలో నుంచి బయటికి వచ్చాడు.

"నైనా, నువ్వెందుకు మెట్లెక్కితివి? సెప్పి ఉంటే నేనే వస్తును కదా." తండ్రి వెనక ఉన్నవాళ్లను అప్పుడు చూశాడు. "వీళ్లెందుకు?"

"ఆ పెట్టె యాడుండాది?"

"ఏ పెట్టె?"

"ఈ పిల్ల సెవి తిన్న పెట్టె."

కొందరు అమ్మాయిలు నవ్వారు. ఉషా వాళ్ల వైపు చూసింది. సతీష్‌కుమార్ తండ్రి చెయ్యి పట్టుకుని, లోపల కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. అప్పాసామి చెయ్యి విడిపించుకున్నాడు. తలుపు పక్క వరుసలో కూర్చున్న ఇసక్కిసెల్వి కిటికీ డెస్కు వైపు వేలు చూపించింది. అప్పాసామి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పెట్టె అక్కడే ఉంది. బిళ్ల మీద గంధం తెల్లబడి ఉంది.

"వెయ్యి" అని, కంప్యూటర్ల దగ్గరున్న సెందిల్‌కుమార్‌తో అన్నాడు.

సెందిల్‌కుమార్ ఓనర్ వైపు చూశాడు.

"వాని మొకం ఏం సూస్తావు? ఆ పొద్దు ఈ పిల్ల ఇన్నది ఏదో, అదే వెయ్యి."

సెందిల్‌కుమార్ కంప్యూటర్ ఆన్ చేసి, పండగ నాటి ఫైలు తెరిచాడు. రెండడుగులు వెనక్కి జరిగాడు.

సతీష్‌కుమార్ అన్నాడు: "నైనా, అది రిపేరులో ఉండాది."

"మొన్న రాత్రి ఫోన్లో మంచి పెట్టె అంటివే. దానివల్ల ఏమీ కాదంటివే. పాట పెట్టుకుని సెవి పోగొట్టుకున్నాది అంటివే."

"మంచిదే. అంటే..."

"మంచిదైతే సరి."

కార్తీశ్వరి డెస్కు దగ్గరికి వచ్చి హెడ్‌ఫోన్‌ను చేతిలోకి తీసుకుంది. దాన్ని సతీష్‌కుమార్ వైపు చాచింది. సెంటర్‌లో ఆమె తెలుగు మాట్లాడడం అమ్మాయిలు అప్పుడే మొదటిసారి విన్నారు.

"పెద్దాయన వద్దు. నువ్వు పెట్టుకో."

సతీష్‌కుమార్ చెయ్యి చాచలేదు.

"నన్ను తొక్కమంటివి కదా. ఇప్పుడు నేను తొక్కుతా. పెట్టుకో."

"నోరు అదుపులో పెట్టుకో" అని ఉషా తమిళంలో అంది.

"అక్కా, ఈ బిళ్లకు బొట్టు పెట్టింది నువ్వే. నువ్వన్నా పెట్టుకుంటావా?"

కార్తీశ్వరి చేతిలో నుంచి అప్పాసామి హెడ్‌ఫోన్ లాక్కున్నాడు. తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్‌ను రెండు చెవులకూ పెట్టుకున్నాడు. ఆ గదిలో రెండు చెవులకు పెట్టుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

"తొక్కు పాండీ" అన్నాడు. చెవులు మూసుకుని ఉన్నందున గట్టిగా అన్నాడు.

పాండియమ్మాళ్ చెప్పు విడిచింది. బల్ల కింద పెడల్ ఎక్కడుందో చూసుకుని దాని మీద కాలు పెట్టింది.

"అమ్మా" అంది కార్తీశ్వరి.

పాండియమ్మాళ్ ఇంకా తొక్కలేదు. సతీష్‌కుమార్ మధ్యలోకి వచ్చి తండ్రి తల మీది హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో పట్టి లాగాడు. అప్పాసామి కళ్లద్దాలు దాంతోపాటు ఊడి కింద పడ్డాయి. హెడ్‌ఫోన్ డెస్కు మీద పడింది.

ఎవరూ టైపు చేయడం లేదు. కింద గోదాములో మూటలు దించుతున్న చప్పుడు వినబడింది.

"ఎందుకురా పెరికితివి?" అన్నాడు అప్పాసామి.

సతీష్‌కుమార్ వంగి కళ్లద్దాలు తీసి తండ్రికి ఇచ్చాడు. అప్పాసామి వాటిని అందుకుని పెట్టుకోలేదు.

"ఏమీ కాదంటివే. మరి ఎందుకు పెరికితివి? సెప్పు."

అప్పాసామి సెందిల్‌కుమార్ వైపు చూశాడు. సెందిల్‌కుమార్ తల దించుకున్నాడు.

"అడుగు అప్పాసామీ" అంది పాండియమ్మాళ్. ఆమె ఇంటివాళ్లు గాని, పుట్టింటివాళ్లు గాని ఆ పేరును అంతకుముందు ఆయన ఎదుట పలకలేదు. "వాని అబ్బ సెవి అంటే రెండు సేతులూ వచ్చినాయి. నా బిడ్డ సెవి అంటే యాడికి పోయినాయో అడుగు."

అప్పాసామి మూడోసారి అడిగాడు. కొడుకు తలుపు వైపు చూస్తున్నాడు.

పాండియమ్మాళ్ పెడల్ తొక్కింది.

రికార్డర్ బల్ల మీద పడిన చప్పుడు వచ్చింది. డెస్కు మీది హెడ్‌ఫోన్ కదిలింది. తరువాత డాక్టర్ మాట్లాడాడు. ఆమె కాలు తీయలేదు. గదికి రెండో చివర, తలుపు పక్క వరుసలో ఇసక్కిసెల్వి తన హెడ్‌ఫోన్‌ను మెడకు దించుకుని కూర్చుని ఉంది. డాక్టర్ చెప్పింది ఆమె అక్కడి నుంచే విన్నది: మగ మనిషి, వయసు యాభై నాలుగు, ఛాతీలో నొప్పి.